నడుం దగ్గర కుచ్చులు

మొగడోర్ రేవుపట్నంలో, మా యూదుల వాడలో, జరీపనికి ఫ్రేహా తర్వాతే ఎవరైనా. కూతురు సుల్తానా పెళ్లికని తెల్లపట్టు గౌను ఏడాదిపాటు కుట్టింది. పెళ్లికి నెల రోజులుందనగా సుల్తానా జ్వరంతో పోయింది. అలాంటి గౌనును మావాళ్లు ప్రార్థనాలయంలో ధర్మగ్రంథాల బీరువాకు తెరగా ఇస్తారు. పుణ్యమట! కన్నతల్లి చేత కత్తెర పట్టించే పుణ్యం.

"నడుం దగ్గర కుచ్చులు విప్పలేదేంటక్కా? తెర సాపుగా పడటంలేదు," అన్నాడు ఆమె కుట్టి తెచ్చిన తెర తగిలిస్తూ, ఆలయం చూసుకునే మక్లూఫ్.

"పడకపోతే పోనీ. అది నా పిల్ల కొలత. విప్పావంటే చేతులు విరిచేస్తా!"

పాపాలకు క్షమాపణ వేడుకునే కిప్పూర్ ఉపవాసం నాడు, బీరువా తెరిచే వేళకు అందరం లేచి నిలబడ్డాం. మక్లూఫ్ ఆ కుచ్చుల దగ్గరే పట్టుకుని తెరను పక్కకు లాగాడు. పైన మేడమీద నిలబడ్డ ఆడవాళ్ల మధ్య నుంచి ఫ్రేహా కేక వినిపించింది.

"మెల్లగా లాగరా, దానికి నొప్పెడుతుంది!"