హకీం సాబ్ ఇంట్లో తప్పించుకు తిరిగిన లీకేజీ

1967 మార్చి నెలాఖరున నన్ను శంకరంపేట బావుల పని నుంచి మెదక్ పట్టణం నీళ్ల సెక్షనుకు వర్క్ ఇన్‌స్పెక్టరుగా మార్చారు. వర్క్ ఇన్‌స్పెక్టరంటే ఫిట్టరుకు పైన, సూపర్వైజరుకు కింద. ఏదైనా తప్పు జరిగితే పైవాడు కిందికీ కిందివాడు పైకీ వేలు చూపిస్తారు గనుక రెండు వేళ్లూ కలిసే చోటు అది. చార్జి తీసుకున్న రోజు సంతకం పెట్టించుకుని నాకిచ్చిన సామాను మూడు: ఒక సైకిలు, ఒక సుద్దముక్కల డబ్బా, ఒక చెవికడ్డీ.

చెవికడ్డీ అంటే మూడడుగుల ఇనుప కడ్డీ. ఒక చివర బండ మీద ఆనిస్తారు, రెండో చివర ఉన్న కట్టె గిన్నెకు చెవి పెడతారు. నేల కింద పైపులోంచి నీళ్లు కారుతుంటే ఆ చప్పుడు చెవికి చేరుతుంది. దాంతో భూమి కింద చీమలు కొట్లాడుకున్నా నాకు వినిపిస్తుందని శంకరంపేటలో ఒకసారి అన్నాను. ఆ మాట నాకంటే ముందు బస్సెక్కి మెదక్ చేరింది. అందుకని మొదటి వారమే సూపర్వైజరు నాకు హకీం సాబ్ ఇంటి కాగితం ఇచ్చాడు.

సంగతేమిటంటే, ఆ గల్లీలో చివరి ఇళ్లకు నల్లా నీళ్లు అందడం లేదు. మధ్యలో ఎక్కడో పోతున్నాయి. హకీం సాబ్ యునానీ వైద్యుడు. ఆయన మందుల గదిలో గోడ నడుము ఎత్తు దాకా చెమ్మగిల్లి, తండ్రి కాలం నుంచి దాచిన వేర్లూ ఎండు పువ్వులూ బూజు పడుతున్నాయి. అంటే పోయే నీళ్లు ఆయన ఇంట్లోనే పోతున్నాయి. రూలు ప్రకారం గడప లోపలి పైపు ఇంటాయనది. లీకేజీ ఎక్కడుందో చూపడం మా పని, తవ్వించి బాగుచేయించుకోవడం ఆయన పని. అయిదు రోజుల్లో దొరక్కపోతే కనెక్షను కట్. ఆ గల్లీ బావిలో ఉప్పు నీళ్లు. ఉప్పు నీళ్లతో కషాయం కాస్తే అది మందు కాదు, పులుసవుతుంది. నల్లా పోతే దవాఖానా మూతపడుతుందని హకీం సాబ్ నాకు మొదటి రోజే చెప్పాడు. చెప్పి, నా నాలుక చూపించమన్నాడు. చూసి, నాకు వేడి ఎక్కువని, పని తొందరగా ముగించుకుంటే మంచిదని అన్నాడు.

ఇల్లు మూడు గదుల వరస. ఒక కొసన మందుల గది, ఇంకో కొసన వంటగది, నడుమ గదిలో ఒక తఖ్తు, అంటే చెక్క మంచం. తఖ్తు మీద హకీం సాబ్ తల్లి. ఊరంతా దాదీమా అనేవాళ్లు. ఎనభై దాటిన మనిషి, మోకాళ్లు పట్టేసి తఖ్తు దిగదు. పైపు మూడు గదుల కిందా షాబాద్ బండల అడుగున పోయింది. ఆ ఇంట్లో పరదా ఉంది. నేను మందుల గదిలోకి పోవాలంటే హకీం సాబ్ ముందు దగ్గుతాడు. ఆయన భార్య వంటగదిలోకి తప్పుకుంటుంది. నేను వంటగదికి పోవాలంటే మళ్లీ దగ్గుతాడు. ఆమె మందుల గదిలోకి పోతుంది. దాదీమాకు మాత్రం పరదా లేదు. నన్ను చూసి దాచుకునే వయసు ఎప్పుడో దాటిందని ఆమే చెప్పింది. కానీ అంత ఎండల్లోనూ పెద్ద చద్దరు గొంతు దాకా కప్పుకుని కూర్చునేది. ముసలి ప్రాణం, జ్వరమేమో అనుకున్నాను.

పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. పొద్దున నీళ్లు వదిలేది ఆరు నుంచి ఏడున్నర దాకా. ఇంట్లో నల్లాలన్నీ కట్టేసి, గడప దగ్గర నీళ్లు వదిలే స్టాప్‌కాక్ తిప్పి చూస్తే నీళ్లు లోపలికి పరుగెత్తుతున్నాయి. లీకేజీ ఉన్నట్టే. మందుల గదిలో కడ్డీ ఆనించాను. వంటగది వైపు నుంచి స్పష్టంగా గుడగుడమని వినిపించింది. సుద్దతో బాణం గుర్తు వేసి, మేస్త్రి మల్లయ్యతో వంటగదిలో నాలుగు బండలు లేపించాను. కింద మన్ను పొడి. పైపు కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది.

మర్నాడు వంటగదిలో కడ్డీ పెట్టాను. ఈసారి చప్పుడు మందుల గది వైపు నుంచి. అక్కడ తవ్విస్తే మన్ను తడి గాని పైపుకు చిల్లు లేదు. మళ్లీ ఆ గుంతలో నిలబడి వింటే చప్పుడు వంటగదిలో. ఇట్లా రెండు రోజుల్లో అటు రెండు గుంతలు, ఇటు మూడు గుంతలు. షాబాద్ బండ లేపితే మళ్లీ సరిగ్గా కూర్చోదు, సగం పగులుతుంది. కొత్త బండల కోసం హకీం సాబ్ తన సైకిలు అమ్మేశాడు. రోగులు గుంతల మీద వేసిన పలక మీదుగా వచ్చి నాడి చూపించుకుని పోయేవాళ్లు. టేక్మాల్ నుంచి నడుము నొప్పికని వచ్చిన ఒకాయన గుంతలో పడి లేచి, నొప్పి పోయిందని దండం పెట్టి వెళ్లాడు. అబద్ధమనుకునేవాళ్లు అనుకోవచ్చు, ఆయన ఫీజు కూడా ఇవ్వకుండానే వెళ్లాడు.

దాదీమా మాత్రం నన్ను విసుక్కోలేదు. ఏ వైపు తవ్వినా, ఇంకా అటే తవ్వు బేటా, నువ్వు సరిగ్గనే పోతున్నవని ధైర్యం చెప్పేది.

మూడో రోజు సాయంత్రం సెక్షను రిజిస్టరులో ‘లీకేజీ స్థిరముగా లేదు, గదులు మారుచున్నది’ అని రాశాను. సూపర్వైజరు దాని కింద ఎర్ర సిరాతో, ‘కాళ్లుంటే పేరు, తండ్రి పేరు కూడా రాయుము. గడువు ఇంక రెండు రోజులు’ అని రాశాడు.

నాలుగో రోజు పొద్దున హకీం సాబ్ ఇక నా మీద ఆశ వదిలి స్వయంగా గుంతలో దిగాడు. పైపు మీద మూడు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని నాడి చూశాడు. చాలాసేపు చూసి, దీనికి కఫం ఉన్నది, నడుమ నడుమ ఆగుతున్నదని తేల్చాడు. మల్లయ్య నవ్వాపుకోలేక బయటికి పోయాడు. నేను కూడా నవ్వేవాణ్నే, కానీ ఆయన చెప్పింది నిజం. ఆ చప్పుడు నడుమ నడుమ ఆగేది. కారే పైపు నీళ్లున్నంతసేపూ కారుతుంది, విశ్రాంతి తీసుకోదు.

తేల్చుకోవాలంటే నిశ్శబ్దం కావాలి. నీళ్లొచ్చే గంటన్నరలో ఆ గల్లీలో ఇత్తడి బిందెల మోతకు పక్కమనిషి మాట వినపడదు. ఒక్క పావుగంట బిందెలు కింద పెట్టాలని, లేదంటే ఈ రంజాన్‌కు గానీ ఉగాదికి గానీ అజీర్తి చూర్ణం ఎవరికీ ఇచ్చేది లేదని హకీం సాబ్ గల్లీలో చాటాడు. అంత నిశ్శబ్దం మెదక్‌లో నేను మళ్లీ వినలేదు. ఆడా మగా బిందెలు చంకన పెట్టుకుని, ఊపిరి బిగబట్టి వరసగా నిలబడ్డారు. గోడ మీది కోడిని కూడా ఎవరో పట్టుకుని ముక్కు మూశారు.

నేను మందుల గదిలో కడ్డీకి చెవి పెట్టాను. గుడగుడ. అప్పుడే దాదీమా నడుమ గదిలోంచి, ఏమన్న వినొస్తుందా బేటా అని అడిగింది. చప్పుడు ఆగింది. ఆమె నోరు మూసుకుంది. మళ్లీ గుడగుడ. కడ్డీ వదలకుండానే, మీ పెళ్లి ఎప్పుడైంది దాదీమా అని అడిగాను. ఆమె పెళ్లి బండ్ల వరస నుంచి పులావు దాకా చెప్పింది. ఆ చెప్పినంతసేపూ పైపు మౌనంగా ఉంది. చెప్పడం అయిపోగానే పైపు మొదలుపెట్టింది.

నేను లేచి నడుమ గదిలోకి వచ్చి నిలబడ్డాను.

“దాదీమా, హుక్కా మంచిగ గుంజుతున్నదా?”

ఆమె చద్దరు కింది నుంచి చేతిని తీసింది. చేతిలో హుక్కా గొట్టం. ఎనిమిది మూరల పొడుగు. కొడుకు ఎదుట, పరాయివాని ఎదుట తాగడం మర్యాద కాదని గొట్టం చద్దరు కింద, గుడగుడమనే నీళ్ల బుడ్డి కోడలి దగ్గర. నిప్పు చూసుకోవలసింది కోడలు గనుక, నేను ఒక గదిలోకి పోతే ఆమె బుడ్డితో సహా ఇంకో గదిలోకి పోయి బండ మీద పెడుతున్నది. నాలుగు రోజులు నేను వెంటపడింది ఆ బుడ్డిని.

“గిప్పుడు తెలిసిందా బేటా,” అన్నది దాదీమా. “మీ సర్కారు చెవులు మస్తు మోటుగున్నయి.”

ముందే చెప్పకపోయారా అంటే, నన్నెవరు అడిగిండ్రు అన్నది. హకీం సాబ్ తలపట్టుకుని గుంత అంచున కూర్చున్నాడు. హుక్కా ఆపించి మళ్లీ కడ్డీ పెట్టాను. ఇప్పుడు వేడి పెనం మీద నీళ్లు చిలకరించినట్టు సన్నని సుయ్‌మనే చప్పుడు. తఖ్తు కింద నుంచి.

తఖ్తు జరపాలన్నాను. దాదీమా రెండు చేతులతో దాని పట్టీలు పట్టుకుంది.

“లేవ. నలబై ఎండాకాలాలు ఈ ఇంట్ల ఉడికిన. గీ యేడే పగటిపూట నిద్ర పడుతున్నది. కాళ్లు కింద పెడితె బండ మంచులెక్క ఉన్నది. నీళ్లు పోతున్నయని నాకు హోలీకే తెలుసు.”

కొడుకు బతిమిలాడాడు. “అమ్మీ, నల్లా కట్ చేస్తరు. దవాఖాన బందైతది.”

“గోడలు తుడుసుకో. మందులు ఎండకు పెట్టుకో. నన్ను లేపకు.”

హకీం సాబ్ నావైపు చూశాడు. గడువు రేపటితో సరి. రూలు పుస్తకంలో ముసలమ్మను లేపే పద్ధతి లేదు. నేను తఖ్తు పక్కన గొంతుక్కూచుని నాకు తెలిసిన ఒకే నిజం చెప్పాను.

“దాదీమా, నల్లా కట్ చేస్తె పైపుల నీళ్లుండయి. నీళ్లుండకపోతె నాలుగు రోజులల్ల మీ బండ గూడ పెనమైతది. సల్లదనం గూడ పోతది, దవాఖాన గూడ పోతది.”

ఆమె గొట్టం నోట్లో పెట్టుకోబోయి ఆగింది.

“అయితె నాకు ఇంకో సల్లటి జాగా నువ్వే చూపియ్యాలె.”

చూపిస్తానని మాటిచ్చాను. నలుగురం కలిసి తఖ్తుతో సహా ఆమెను ఎత్తి పక్కన పెట్టాం. బండ లేపితే మూల మలుపు దగ్గర జాయింటు పగిలి ఉంది. అందులోంచి కారిన నీళ్లు పైపు వెంట పాకి మందుల గది గోడ ఎక్కుతున్నాయి. జాయింటు మార్చి, మరలకు జనపనార చుట్టి, తెల్లసీసం పూసి బిగించాం. అరపూట పని. గల్లీ చివరి ఇంటికి ఆ మర్నాడే నీళ్లెక్కాయి. కనెక్షను నిలిచింది, దవాఖానా నిలిచింది.

మాట మాత్రం మిగిలిపోయింది. వారం తిరగకముందే దాదీమా రిక్షాలో సెక్షను ముందుకు వచ్చి, నా జాగా ఏదని అడిగింది. ఏప్రిల్ నెల మెదక్‌లో చల్లటి చోటు చూపడం నా శాఖ పరిధిలో లేదు. అదే రిక్షాలో ఆమెను వాళ్ల గల్లీ అంతా తిప్పాను. ప్రతి అరుగు దగ్గరా చెప్పులు విడిచి పాదాలు ఆనించి, ఛీ అని ముందుకు పొమ్మనేది. బట్టలు కుట్టే షాపు అరుగు మీద మాత్రం పాదాలు తీయలేదు. అక్కడే ఒరిగి నిద్రపోయింది. ఆమె లేచాక ఆ బండ లేపించాను. కింద పైపు కారుతోంది.

ఆ ఎండాకాలం దాదీమా పాదాలతో ఆరిళ్లలో లీకేజీలు పట్టాను. ఒక్క గుంత వృథా కాలేదు. ఆమె షరతు ఒకటే: తవ్వకం తన నిద్ర అయ్యాక. ఊళ్లో లీకేజీలన్నీ సాయంత్రం నాలుగు దాటాకే ఎందుకు బాగవుతున్నాయని సూపర్వైజరు రాతపూర్వకంగా అడిగాడు. భూమి వేడి వలన అని జవాబు రాశాను. చెవికడ్డీని స్టోరుకు తిరిగి పంపించి రసీదు తీసుకున్నాను.

ఆ తర్వాత, నాకు యాభై అయిదేళ్లు నిండి రిటైరయ్యేదాకా ఎన్నో ఊళ్లలో లీకేజీలు వెతికాను. నష్టపోయేవాడికి లీకేజీ ఆలస్యంగా తెలుస్తుంది, దాంతో సుఖపడేవాళ్లకు మొదటి రోజే తెలుస్తుంది. అందుకని ఏ ఇంట్లో అడుగుపెట్టినా గోడ ఎక్కడ తడిసిందని అడగలేదు. ఈ ఇంట్లో మధ్యాహ్నంపూట హాయిగా నిద్రపోతున్నది ఎవరని అడిగి, ముందు వాళ్ల మంచం జరిపించేవాణ్ని.