నల్ల బిళ్ళ తెల్లబడిందా

మా ఫిజిక్స్ సార్ పోయారు. వాళ్ళబ్బాయి ఫోన్ చేసినప్పుడు నేను మార్కాపురంలో మా కాలేజీ ల్యాబులో, ఫర్నేస్ ముందు ఉన్నాను. "నాయన పోయినాడక్కా, నిద్రలోనే" అన్నాడు. సరే అన్నాను. అలాంటి మాటకు సరే అని ఎవరైనా అంటారా? నేనన్నాను. ఫర్నేస్ ఇంకా చల్లారుతోంది. లోపల సార్ బిళ్ళ ఉంది.

ఆ బిళ్ళ సంగతి మీకు చెప్పాలి. స్ట్రాన్షియం టైటనేట్ అనే తెల్లపొడిని గట్టిగా నొక్కి, కాల్చి, పిప్పరమెంటంత బిళ్ళ చేస్తాం. మామూలుగా అది కరెంటును పోనివ్వదు. హైడ్రోజన్ కలిపిన గ్యాసులో కాలిస్తే నల్లబడి, కరెంటు పాస్ చేస్తుంది. అలా ఎందుకు జరుగుతుందో సార్ క్లాసులో ఇట్లా చెప్పేవారు: "ఆక్సిజన్ కొంత బయటికి పోతాదమ్మా. ఊరికే పోదు, రెండు ఎలక్ట్రాన్లను ఈడనే ఇడిచిపెట్టి పోతాది. కరెంటు మోసేది అవే." డిగ్రీలో విన్న ఆ మాట పట్టుకునే నేను పరిశోధన చేసి, మళ్ళీ ఆయన దగ్గరికే లెక్చరర్‌గా వచ్చాను.

సార్ వాళ్ళ నాయన పలకల కార్ఖానాలో పనిచేసేవారు. చిన్నప్పుడు సార్ కూడా అక్కడ పలకల మీది దుమ్మును అరచేత్తో తుడిచి దొంతర పెట్టేవారట. రిటైరయ్యాక కూడా రోజూ ల్యాబుకొచ్చేవారు, ఆ అలవాటూ వదల్లేదు. స్కేలు, టీ గ్లాసు, ఏది చేతికొచ్చినా ఒక తుడుపు పడాల్సిందే. ఒకసారి బిళ్ళల్నీ తుడిచేశారు. హైడ్రోజన్‌లో కాల్చని తెల్ల బిళ్ళలు కూడా కరెంటు పాస్ చేస్తున్నాయని ఎగిరి గంతేసి సెమినార్‌లో చెప్పాం. తీరా చూస్తే అది సార్ అరచేతి చెమట. తర్వాతి సెమినార్‌లో ఆయనే లేచి, తప్పు తనదేనని అందరి ముందూ చెప్పారు. అప్పట్నుంచి పట్టకారు లేకుండా బిళ్ళను ముట్టనిచ్చేవారు కాదు. నా వేళ్ళు దగ్గరికి పోతే చాలు, "చెయ్యి తియ్ పాపా!" అని గద్దించేవారు. తన చేతులు మాత్రం వెనక్కి కట్టుకుని నిలబడేవారు, వాటి మీద నమ్మకం లేక.

ఈమధ్య నల్ల బిళ్ళల ఫలితాలు చెప్పడానికి నంద్యాల వెళ్ళాం. "ఆక్సిజన్ పోవడం వల్లేనా సార్, ఈసారి కూడా ఏమన్నా అంటిందా?" అని ఒకాయన అడిగితే హాలంతా నవ్వింది. తిరుగు బస్సు గిద్దలూరులో ఆగింది. బస్టాండులో టీ తాగుతూ సార్ అన్నారు: "ఉత్త గాలిలో మళ్ళా కాల్చి చూద్దామమ్మా. పోయిన ఆక్సిజన్ తిరిగొస్తే బిళ్ళ తెల్లగైతాది, కరెంటు ఆగిపోతాది. మలినమైతే అట్లనే ఉంటాది. అట్లుంటే, ఇంక నేను ల్యాబులో అడుగుపెట్టను."

ఆ బిళ్ళే ఫర్నేస్‌లో ఉంది. వేడి మీద తలుపు తీస్తే బిళ్ళ పగులుతుందని ఆయన చెప్పిందే. తీయకుండానే వాళ్ళింటికి వెళ్ళాను. సార్‌ని చూశాను. ఏడుపు రాలేదు. చెప్పులు ఎక్కడ విప్పానో గుర్తుపెట్టుకోవాలని మాత్రం అనుకున్నాను. సార్ భార్యను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. ఆమె నా చెయ్యి పట్టుకుని, "బిళ్ళ తెల్లగైందా పాపా? పండుకోబోయే ముందు గూడా అదే అన్నాడు" అంది.

"ఇంకా తీయలేదమ్మా."

"అట్లనా" అంది.

మర్నాడు తీశాను. తెల్లగా ఉంది. పట్టకారుతో పట్టుకుని మీటరుకు పెట్టాను. కరెంటు పాస్ కావడం లేదు. మళ్ళీ పెట్టి చూశాను. లేదు. సార్ చెప్పిందే నిజం. ఫోన్ తీసి ఆయన నంబరు దాకా పోయి, ఆగి, స్టూలు మీద కూర్చుండిపోయాను. సంతోషమూ రాలేదు, దుఃఖమూ రాలేదు.

బిళ్ళను చిన్న డబ్బీలో దూది మీద పెట్టుకుని అమ్మ దగ్గరికి వెళ్ళాను. "తెల్లగైందమ్మా. సార్ చెప్పిందే నిజం" అన్నాను. ఆమె బిళ్ళను వేళ్ళతో తీసి, వెలుగుకు తిప్పి చూసింది. తర్వాత అచ్చం సార్ లాగే, అరచేత్తో తుడిచింది. "చెయ్యి తియ్" అన్న మాట నా నోటిదాకా వచ్చి ఆగింది. ఆమె ఇంకోసారి తుడిచింది.