డాల్టన్ సూత్రం, రెంటచింతల బావి

చదువు వెలుగునిస్తుందని గోడల మీద రాయించేవాళ్ళకి లక్ష్మీతిరుపతమ్మ కథ పనికిరాదు. ఆమె చదువు అక్కరకొచ్చిన రోజు ఒక్కటే. ఆ రోజు నుంచే ఊరు ఆమెతో సరిగా మాట్లాడటం మానేసింది.

తిరుపతమ్మది మాచర్లలో ఇంటర్ మొదటి సంవత్సరం, బైపీసీ. రోజూ రెంటచింతల నుంచి బస్సులో వెళ్ళొస్తుంది. తండ్రి మస్తానయ్య బావుల్లో పూడిక తీసేవాడు. బోర్లొచ్చి ఆ పని తగ్గాక క్వారీకి కూడా పోయేవాడు. ఆ ఆగస్టులో వాన మొహం చూపించలేదు. నరసింహారావు అనే రైతు బోరు ఎండిపోయింది, మిరప నారు వాడిపోతోంది. ఏళ్ళ తరబడి బండలు కప్పి వదిలేసిన పాత బావి గుర్తొచ్చి, మస్తానయ్యకి కబురు పెట్టాడు.

కాలేజీలో ఆ వారమే వాయు నియమాలు. కెమిస్ట్రీ చెప్పే శ్రీకాంత్ సారు బాయిల్‌ని, చార్లెస్‌ని లెక్కలతో ముగించేసి, డాల్టన్ పాక్షిక పీడనాల దగ్గర మాత్రం కాసేపు ఆగాడు.

"మూసేసిన చోట ఆక్సిజన్ వాటా తగ్గి, ఆ జాగాలో ఇంకో వాయువు చేరిందనుకోండి. మొత్తం పీడనం అంతే ఉంటది. తేడా ఒంటికి తెలవకపోవచ్చు. తెలిసేలోపు మోకాళ్ళు వంగిపోతయ్."

"మా హాస్టల్ గది అట్టాంటిదే సార్," అన్నారెవరో వెనక బెంచీలోంచి. క్లాసంతా నవ్వింది. తిరుపతమ్మ కూడా నవ్వింది.

ఆదివారం ఆమె అన్నం క్యారేజీ పట్టుకుని పొలం వెళ్ళేసరికి తండ్రి అప్పుడే బావిలోకి దిగాడు. పైన తాడు దగ్గర బాబాయి కోటేశ్వరరావు. కాస్త ఎడంగా నరసింహారావు.

"దీపం దించి చూశారా బాబాయ్?"

పాడుబడ్డ బావిలోకి ముందుగా లాంతరు దించడం వీళ్ళ పనిలో పాత అలవాటు. అది ఆరిపోతే మనిషి దిగడు.

"చూడకుండా దిగుతామా ఏందే? లాంతర్లు ఎవరింట్లో ఉండయ్ ఇప్పుడు! మీ నాన్న ఫోన్‌లో లైటేసి, తాడుకి కట్టి అడుగుదాకా వదిలాం. వీడియో కూడా తీశాం. చక్కగా వెలుగుతా పైకొచ్చింది."

అలవాటు మిగిలింది, అర్థం పోయింది. మనకి ఇలాంటివి చాలానే ఉన్నాయి. అన్నీ మనుషుల్ని చంపవు, అంతే తేడా.

"ఫోన్ లైటుకి గాలెందుకు బాబాయ్! నాన్నా, పైకి రా! నాన్నా!"

కింద తట్ట రాతికి కొట్టుకున్న చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

కోటేశ్వరరావు చొక్కా విప్పి పడేసి బావి రాళ్ళ మీద కాలు పెట్టాడు. తిరుపతమ్మ వెనక నుంచి అతని నడుం వాటేసుకుని, గట్టు మీది రాటకి తన కాలు మెలేసింది.

"దిగితే నువ్వూ పడిపోతావ్!"

"వదలవే! మా అన్న లోపల పోతా ఉంటే పాఠం చెప్తన్నావా?"

"అయ్యగారూ, ఫైరింజన్‌కి ఫోన్ చెయ్యండి!" అని నరసింహారావు వైపు అరిచింది.

కోటేశ్వరరావు మోచేత్తో కొట్టాడు. ఆమె పెదవి చిట్లింది. వదల్లేదు.

ఫైరింజన్ వచ్చింది. ముఖానికి మాస్కు, వీపున సిలిండరు కట్టుకున్న మనిషి దిగి మస్తానయ్యని పైకి పంపాడు. అప్పటికే ప్రాణం లేదు.

వారం తిరిగేలోపు కథ మారిపోయింది. "నేను దిగుంటే మా అన్నని భుజానేసుకుని తెచ్చేవాణ్ణి. ఆ పిల్ల అడ్డం పడింది," అని కోటేశ్వరరావు టీ కొట్టు దగ్గర చెప్పుకొచ్చాడు. ఆ మాట చెప్పడానికి నువ్వు బతికున్నావు కదా అని ఒక్కరూ అనలేదు. కాలేజీవాళ్ళు మాత్రం సన్మానం చేస్తామన్నారు. శాలువా, ఫ్లెక్సీ.

"ఫ్లెక్సీలో మా నాన్న ఫోటో కూడా ఏస్తారా సార్?" అని అడిగింది తిరుపతమ్మ. శ్రీకాంత్ సారు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

చాలా రోజుల తర్వాత తల్లి చెన్నమ్మ ఒక పొద్దున, వెనక కూర్చుని కూతురికి జడ వేస్తూ అడిగింది.

"మీ బాబాయి దిగుంటే మీ నాన్న దక్కేవోడు కాదా?"

"కాదమ్మా."

"నీకు ఖాయంగా తెలుసా?"

ఆ బావిలో ఏ వాయువు ఎంత పాలు ఉందో కొలిచినవాళ్ళు లేరు. ఆ రోజు తిరుపతమ్మ దగ్గర ఉన్నది సగం అర్థమైన సూత్రం ఒకటి, ఆలోచించుకోవడానికి దొరకని సమయం.

"తెలుసు," అంది.

చెన్నమ్మ జడ చివరిదాకా అల్లి, రబ్బరు బ్యాండు వేసి, లేచి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి ఆ పిల్ల తన జడ తనే వేసుకుంటోంది.