నా జేబులో ఆవిడ పరీక్ష

తెలివితక్కువ పనులు చాలా చేశాను గాని, ఇంత శ్రద్ధగా చేసింది ఇదొక్కటే. తొమ్మిదో తరగతితో చదువు ఆపి నన్ను చేసుకున్న మా ఆవిడ, ఇన్నేళ్ళకు పది రాస్తానని ఆన్‌లైన్ క్లాసుల్లో చేరింది. ఫారం నేనే నింపాను. మొబైల్ నంబరు దగ్గర నాది వేశాను. ఆవిడకూ ఒక ఫోనుందని తోచనే లేదు. మా రైల్వే ఇళ్ళల్లో రైలు పాసైనా, మందుల కార్డైనా ఉద్యోగి పేరు మీదే నడుస్తుంది. చదువూ అలాగే నడుస్తుందనుకున్నాను.

పరీక్షకు దరఖాస్తు పెట్టాల్సిన ఆఖరి రోజది. వారమంతా సైటు తెరుచుకోలేదు. లోపలికి వెళ్ళాలంటే నా ఫోనుకు ఓటీపీ రావాలి.

“ఒక్క రోజు మీ ఫోను ఇంటికాడ ఒగ్గీయండి,” అంది.

“నాన్లేనా? రాగానే సెప్తాను.”

“మిసను కాడ నుండి ఏటి సెప్తారు?”

“ఠీక్ హై, సెప్తానన్నాను కదా,” అని ఫోను జేబులో వేసుకుని సైకిలెక్కాను.

వర్క్‌షాపులో మిషన్ దగ్గర ఫోను ఉండకూడదు. రోజూలాగే లాకర్లో పెట్టి తాళం వేశాను. భోజనం వేళ తీస్తే నాలుగు ఓటీపీలు. ఒక్కోదానికి పది నిమిషాల ఆయుష్షు. ఫోన్ చేసి ఆఖరిది చదివాను.

“అది సచ్చిపోనాది. మళ్ళీ నొక్కుతాను, ఆగండి.”

ఆగాను. భోజనం వేళ అయిపోయిందని సైరన్ వచ్చింది గాని ఓటీపీ రాలేదు.

సాయంత్రం లాకర్లో ఇంకో మూడు శవాలున్నాయి. ఇంటికి వచ్చేసరికి సైటు గడువు ముగిసిందంటోంది. హెల్ప్‌లైన్లో ఒకావిడ మూడు భాషల్లో మర్యాదగా వేచి ఉండమంది. గోల్‌బజార్ నెట్ షాపు దాదా, అంటే ఇక్కడి భాషలో అన్నగారు, చేతులెత్తేశాడు. సెల్లు నాది, చెల్లు మాత్రం ఆవిడ చదువుకి.

తిడితే బాగుండేది. పుస్తకాల అట్టలు సరిచేసి సంచిలో పెట్టుకుంటూ, “ఒక్క ఏడాదే కదేటి,” అని నన్నే ఓదార్చింది.

ఆ నంబరు వేసినవాడి మీద పగ తీర్చుకోవాలనిపించింది. ఆవిడ చదువుకు నా నంబరు తీయించి ఆవిడది వేయించాను. అంతటితో ఊరుకోక నా బ్యాంకు, పాసు, గ్యాసు కూడా ఆవిడ నంబరుకే పెట్టించాను.

నిన్న గ్యాసు దాదా గుమ్మంలో సిలిండరు దించి కోడ్ చెప్పమన్నాడు. అది లోపలి గదిలో, ఆవిడ ఫోనులో ఉంది. తలుపు తట్టాను.

“లెక్కల క్లాసవుతోంది. ఆగండి.”

సిలిండరు మీద అతను, గడప మీద నేను కూర్చున్నాం.