అమ్మ కంచంలో సగం రొట్టె

మా చిన్నప్పుడు... పొయ్యి మీద పెంక వేడెక్కితే చాలు, నేను వెళ్లి అమ్మ పక్కన చేరేదాన్ని. మానవపాడు దగ్గర మా ఊళ్లో పొద్దున్నే జొన్నరొట్టె వాసన రాని ఇల్లుండేది కాదు.

అమ్మ అప్పుడు కడుపుతో ఉంది. రొట్టె కంచంలో పడగానే మా నాయన తల్లి, అవ్వ, వచ్చి దాన్ని సగానికి విరిచేది.

"సగం చాలు బిడ్డా... లోపల పిల్ల పెద్దగైతే కాన్పు కష్టమైతది."

ఆ మిగతా సగం నాకు పెట్టేది. దాని మీద ఇంత పల్లీల కారం, కాస్త నూనె... ఎంత కమ్మగా ఉండేదో! నేను తింటున్నంత సేపూ అమ్మ నా చేతి వైపే చూస్తుండేది.

అవ్వను గయ్యాళి అనుకోకండి. ఆమె పెద్దబిడ్డ, మా మేనత్త, కాన్పు కాలేకనే పోయింది. లోపల పిల్లాడు మరీ పెద్దగా ఉన్నాడట. కోడలైనా బతకాలని రొట్టె విరిచేది, పాపం.

అమ్మ బతికింది. చెల్లి స్వరూప పుట్టింది... పిడికెడంత. మేమంతా పొలం గట్ల మీద ఉరుకుతుంటే అది మధ్యలోనే కూలబడేది. "అక్కా, జర ఆగవే... కాళ్లు గుంజుతున్నయి." దాని పిక్కలు ఇప్పటికీ సన్నగానే ఉంటాయి.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఒక ల్యాబులో కండరాల కణాలు పెంచుతాను. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉండేవి అవే జన్యువులు. కానీ ఒకే ఇంట్లో కొన్ని గదులకు గొళ్లెం పెట్టి, కొన్ని తెరిచి ఉంచినట్టు... ఏవి పనిచేయాలో, ఏవి మూతపడాలో వాటి మీదుండే చిన్న చిన్న రసాయన గుర్తులు చూసుకుంటాయి. ఒక కణం కండరంగా మారేది అలాగే. కడుపులో దొరికిన తిండిని బట్టి ఆ గుర్తుల్లో కొన్ని మారతాయి... మారినవి ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు.

నాకు ఒళ్లు జలదరించేది ఎప్పుడంటే... ల్యాబు పళ్లెంలో కణాలు బాగా పెరిగాక, అవి కండరపు పోగులు కావాలంటే మేమే వాటి తిండి తగ్గించాలి. తొందరపడి ముందే తగ్గిస్తే పోగులు పలచగా వస్తాయి. తగ్గించే ప్రతిసారీ అవ్వ నా వెనకే నిలబడి "సగం చాలు బిడ్డా" అంటుంది. తిరిగి చూస్తాను. ఎవరూ ఉండరు. అవ్వ పోయి చాలా ఏళ్లయింది.

మొన్న ఊరికి వెళ్లాను. స్వరూప తొలి కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. తినడానికి కూర్చుంది. అమ్మ రొట్టె తెచ్చి, దాని కంచంలో వేయబోతూ... సగానికి విరిచింది.

"సగం చాలు బిడ్డా..."

అవే మాటలు... మిగతా సగం అమ్మ నా కంచంలో పెట్టబోయింది!

"నాకొద్దు! అది స్వరూపకు పెట్టు... దాని బిడ్డది అది" అని అరిచేశాను.

అమ్మ చేయి ఆగిపోయింది. చెల్లి కాళ్ల వంక చూసి, నన్ను అడిగింది.

"దాని కాళ్లు గట్లయినయి... నేను సగమే తిన్నందుకేనా?"

నేను రోజూ ల్యాబులో చేసేది ఈ పనే... అయినా ఒక్క మనిషి కాళ్లు చూసి ఎవరూ చెప్పలేరు. "తెల్వదమ్మా" అన్నాను.

అమ్మ ఆ సగాన్ని స్వరూప కంచంలో పెట్టింది. ఇంకో రొట్టె కూడా వేసింది. చెల్లి తింటున్నంత సేపూ దాని చేతి వైపే చూస్తూ కూర్చుంది.

ఇప్పుడు మా ఇంట్లో జొన్నలకు కరువు లేదు, ఊళ్లోకి అంబులెన్సు వస్తుంది... అయినా ఆ విరిచే చేయి మా ఇల్లు వదిలి పోలేదు. మీ ఇళ్లలోనూ కడుపుతో ఉన్నవాళ్ల కంచంలోంచి ఇలా తీసేవాళ్లా? తీసిన ఆ సగం ఎవరు తిన్నారో... గుర్తుంటే చెప్పండి.