వంక గట్టున ఇంటికి రాని అనుమతి

రెండు వేల ఇరవై ఒకటో సంవత్సరం, ఫిబ్రవరి ఇరవై రెండో తేదీ, సోమవారం, పగలు పదకొండున్నర గంటలకు మా ఊరి సచివాలయంలో నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. మీ ఇంటి ప్లానుకు అనుమతి ఇవ్వడం కుదరదని అందులో ఉంది. ప్రియ సహోదరీ సహోదరులారా, నా సాక్ష్యం ఆ గంట నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే నా చీకటి కాలం ఆ గంటకే మొదలైంది, నా ప్రభువు మమ్మల్ని విడిపించడం కూడా ఆ గంటకే మొదలైందని తొమ్మిది నెలలు గడిస్తే గాని నాకు తెలియలేదు!

నేను ముప్పై ఒక్క ఏళ్ళు పాల కేంద్రంలో లెక్కలు రాసినదాన్ని. మా ఆయన దేవదానం అదే కేంద్రం వ్యాను నడిపేవాడు. పని మానుకున్నాక తిరుపతిలో రెండు అద్దె గదుల్లో ఆరుగురం ఉండేవాళ్ళం, మేమిద్దరం, కొడుకు, కోడలు, ఇద్దరు మనవళ్ళు. మా ఆయనకు ఆయాసం. చివరి రోజుల్లో సొంత ఇంట్లో, గాలి తగిలే చోట పడుకోవాలన్నది ఆయన కోరిక. అందుకు మాకున్నదల్లా మా పుట్టింటి ఊర్లో మా నాయన నా పేర రాసిచ్చిన ముప్పై సెంట్ల నేల.

ఆ నేలకు పడమటి అంచున వంక ఉండేది. వంక అంటే కొండ మీద వాన పడితే పారే ఏరు. నా చిన్నతనంలో అది క్రిస్మస్ దాకా పారేది. మా నాయన సాయంత్రం ఎద్దులను అందులో కడిగేవాడు, మా అమ్మ ఇసుకలో చెలమ తీసి ముంత నిండేదాకా ఓపిగ్గా కూర్చునేది, ఆ నీళ్ళ రుచి ఏ బిందెలోనూ మళ్ళీ నాకు దొరకలేదు. పందొమ్మిది వందల డెబ్బై ఒకటిలో, నా పదహారో ఏట, నేను బాప్తిస్మం తీసుకున్నది ఆ నీళ్ళలోనే. నడుము లోతు ఉండింది. నేను వణుకుతూ గట్టెక్కితే మా నాయన తన తలగుడ్డ విప్పి తుడుచుకొమ్మని ఇచ్చాడు. తర్వాత బోర్లు వచ్చాయి, వానలు పోయాయి, వంక ఎండింది. ఎవరికి వాళ్ళు దాన్ని కాస్త కాస్త దున్ని వేరుశనగ వేసుకున్నారు. మా కంచె కూడా నాలుగడుగులు అటు జరిగింది. ఇరవై ఏళ్ళకు అక్కడొక వంక ఉండేదన్న మాటే అందరం మరిచిపోయాం.

పొలాన్ని ఇంటి స్థలంగా మార్చడానికి కట్టవలసిన రుసుము జనవరిలో కట్టాం. తిరుపతిలో ఒక ఇంజినీరు చేత ప్లాను గీయించాం. అనుమతి ఎలాగూ వస్తుందని ముందే ముగ్గు పోసి పునాది గుర్తులు పెట్టించాం, పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు, ఇసుక, ఇటుక దించాం. అప్పుడు స్థలం చూడడానికి సచివాలయం నుంచి ప్లానింగు చూసే అమ్మాయి వచ్చింది, నగరి ఊరి పిల్ల, చేతిలో టేపు, ఊరి పటం.

“అవ్వా, ఈడ వంక ఉండాది. గట్టు నుంచి ముప్పై అడుగులు వదలాల. మీ ఇల్లు వంకలోనే పడతా ఉండాది” అంది.

“యాడుండాది వంక? ఇరవై ఏండ్లుగా దాంట్లో కుక్క కూడా కాలు తడుపుకోలేదే” అన్నాడు మా ఆయన.

“పటంలో ఉండాది తాతా.”

“అయితే ఆ పటం పిండుకొని తాగుపో, ఎండ దండిగా ఉండాది.”

ఆ అమ్మాయి నవ్వింది, కానీ టేపు చుట్టేసింది. మీ నేలలోనే తూర్పు వైపు బండ ఉంది కదా, దాని మీద చిన్నగా కట్టుకుంటే అనుమతి వస్తుందని కూడా చెప్పింది. బండ మీద కాకులుంటాయి గానీ మనుషులుంటారా అని మా ఆయన ఒప్పుకోలేదు.

ప్లాను తిరస్కరించాక బంధువులంతా ఒకటే మాట. పల్లెల్లో ఎవరు అడిగి కడుతున్నారు, కట్టేయండి, రేపు జరిమానా కడితే వాళ్ళే క్రమబద్ధం చేస్తారు అన్నారు. మేస్త్రీ సిద్ధంగా ఉన్నాడు. మే మొదటికల్లా గృహప్రవేశం అని మా ఆయన తేదీ కూడా అనుకున్నాడు. నాకు మాత్రం మనసొప్పలేదు. వంక మళ్ళీ వస్తుందని నాకేమీ తెలియదు, సహోదరులారా, నేను ప్రవక్తను కాను. రాయకుండా ఒక్క లీటరు పాలు కూడా తీసుకోని అలవాటు నాది, అంతే. ఆ సాయంత్రం మోకాళ్ళ మీద పడి ఇలా ప్రార్థించాను: “తండ్రీ, నువ్వు ఇల్లు ఇస్తే కాగితంతో ఇయ్యి. కాగితం లేకుండా నేను ఇటుక పెట్టను. ఇది నా మొండితనమైతే నన్ను వంచు, నీ మాటైతే ఈయన్ని వంచు.”

వెనక మంచం మీద నుంచి మా ఆయన, “దేవునికి కూడా పాల లెక్కకు గీసినట్టు గళ్ళు గీసి ఇచ్చినావా? ఈడొక సంతకం పెట్టు స్వామీ అను” అన్నాడు. కానీ పొద్దున్నే తనే వెళ్ళి మేస్త్రీని పంపించేశాడు.

తర్వాత నెలలు నాకు చాలా బరువుగా గడిచాయి. మేలో ఆయనకు జ్వరం, ఊపిరాడకపోవడం. ఆసుపత్రికి తీసుకుపోయే రోజు ఆ అద్దె గదిలో గోడకు ఆనుకొని, “ఇల్లు కట్టింటే ఆడ గాలికన్నా పండుకొనుందును కదే” అన్నాడు. కోపంగా అనలేదు. జూన్ తొమ్మిదో తేదీన ప్రభువు పిలుపు అందుకున్నాడు. ఆ ఒక్క మాట నన్ను తినేసింది. మందిరానికి వెళ్ళేదాన్ని, కూర్చునేదాన్ని, నోట పాట రాలేదు. నేను అడిగిందేమిటి, ఒక్క కాగితం కదా, నా బిడ్డలకు ఇల్లు, ఆయనకు గాలి కదా అని దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. దేవుడు మౌనంగా ఉన్నాడనుకున్నాను.

నవంబరు పద్దెనిమిదిన ఆ వాన వచ్చింది, మీకూ గుర్తుండే ఉంటుంది. దారులు తెగిపోయాయి. ఇరవై ఒకటో తేదీ, ఆదివారం, ఆరాధన ముగించుకొని కొడుకుతో ఊరికి వెళ్ళగలిగాను. దూరం నుంచే చప్పుడు వినిపించింది. వంక తిరిగి వచ్చింది! తన పాత దారి మొత్తం తీసుకుని, గట్టు కోసుకుని, మేము ముగ్గు పోసిన చోటంతా ఎర్రగా పారుతోంది. ఇసుక లేదు, ఇటుక లేదు, కొబ్బరి చెట్లు లేవు. ఒకచోట నేల రెండు నిలువుల లోతుకు కోసుకుపోయి నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. నా కొడుకు ఆ సుళ్ళ వైపు చెయ్యి చూపించాడు.

“అమ్మా, పిల్లోళ్ళ గది ఈడనే కదా?” అన్నాడు.

అవునన్నాను. ఆ బురదలోనే మోకరించాను. ఆ నీళ్ళ వాసన నా పదహారో ఏటి వాసన, నా తడి జుట్టులో మా నాయన తలగుడ్డ వాసన. ఐదు నెలలుగా మూసుకుపోయిన నా నోరు అక్కడ తెరుచుకుంది. దేవుడు మౌనంగా లేడు, మొదటి రోజే, మొదటి గంటకే కాదని జవాబిచ్చాడు! మా ఆయన ఉండి చూసుంటే ముందు నోరెళ్ళబెట్టి, తర్వాత ఏదో ఒక ఎగతాళి చేసేవాడు. ఆ ఎగతాళి కోసం నేనిప్పటికీ చెవి పెట్టుకునే ఉంటాను.

మరుసటి ఏడాది బండ మీద రెండు గదులకు ప్లాను పెట్టాం. ఆ నగరి పిల్లే మళ్ళీ టేపు పట్టుకొని వచ్చింది. నేను మజ్జిగ ఇస్తే గ్లాసు పట్టుకొని చుట్టూ చూసింది.

“తాత లేడా అవ్వా? వంకలో నీళ్ళుండాయి, సూపిద్దామనుకుంటి.”

చెప్పాను. గ్లాసు పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది. ఏప్రిల్‌లో అనుమతి వచ్చింది. ఇప్పుడు ఈ మాటలు ఆ బండ మీది గదిలో కూర్చునే రాస్తున్నాను, గాలి బాగా వస్తుంది.

ప్రియులారా, మీలో ఎవరైనా అడిగింది దొరకక, మూసిన తలుపు ముందు కన్నీళ్ళతో నిలబడి ఉంటే, దాన్ని గుద్ది పగలగొట్టకండి. మూసినవానికి అవతల ఏముందో తెలుసు. ఆయన్ను నమ్మండి, నమ్మి ఆగండి. దేవునికే మహిమ కలుగును గాక!

పోయినవి ఇవి. నేల పద్దెనిమిది సెంట్లు. మా నాయన నాటిన కొబ్బరి చెట్లు ఆరు. ఇసుక నాలుగు ట్రాక్టర్లు, ఇటుక పదకొండు వందలు. వరదలో మా మనుషులెవరూ పోలేదు. మా ఆయన అంతకు ముందే, జూన్‌లో పోయాడు.