ఏమీ దొరక్కూడదని వెతికిన మనిషి

మా పక్కింటి అన్న మొన్న శుక్రవారం పోయారు. ఛాతీలో నెమ్ము చేరిందని నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. మనిషి తిరిగి రాలేదు. ఈ చలిలో సముద్రపు ఒడ్డున తిరగొద్దని డాక్టరు చెప్పారు, వదిన పోట్లాడింది. అయినా ఎందుకు తిరిగారో వదినకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

తోటపల్లి గూడూరు వైపు బీచికి చలికాలం పొద్దున్నే వెళ్లినవాళ్లు ఆయన్ను చూసే ఉంటారు. మంకీ క్యాపు, మెడకు మఫ్లరు, చేతిలో పొడుగాటి కర్ర, దాని చివర పళ్లెమంత తీగచుట్ట. ముత్తుకూరులో చాలాకాలం రేడియోలు, టీవీలు బాగుచేశారు. కొట్టు మూసేశాక ఫోనులో వీడియోలు చూసి, ఆ మెటల్ డిటెక్టరు తనే తయారుచేసుకున్నారు. తుపాన్లు వెళ్లిపోయి, అలలు ఒడ్డును కోసేసిన రోజులే దానికి మంచివనేవారు.

"ఇసక కింద ఉండేది పైకొస్తది చెల్లెమ్మా. సముద్రం ఏదీ దాచుకోలేదు" అని నవ్వేవారు.

షుగరు కోసం నడిచే నేను ఆయన వెనకే వెళ్లేదాన్ని. దొరికిన తాళంచెవులూ పట్టీలూ టీ బంకు పందిరికి వేలాడదీసేవారు, పోగొట్టుకున్నవాళ్లు తీసుకుంటారని. ఒకమ్మాయి తన పట్టీ గుర్తుపట్టి గెంతితే, ఆ రోజంతా వీధిలో అందరికీ అదే చెప్పారు.

పోయిన చలికాలం ఒక వెండి కడియం దొరికింది. లోపలివైపు రెండక్షరాలు చెక్కి ఉన్నాయి. టీ బంకు అతను చూడగానే మొహం మార్చేశాడు. అంతకుముందు ఏడాది తుపానులో పడవతో సహా తప్పిపోయిన మనిషిదట. ఒంటరిగా వేటకు పోయినాడట. శవం దొరకలేదు. భార్య ఇంకా బొట్టు తీయలేదు. ఆమెకు చూపించొద్దన్నాడు.

అన్న ఆ కడియాన్ని జేబులో పెట్టుకుని రోజుల తరబడి తిరిగారు. నమాజులో కూడా మనసు నిలవడం లేదన్నారు. మళ్లీ సముద్రంలోనే వేసేయమన్నాను.

"యేసేస్తే దొంగనవుతా చెల్లెమ్మా. ఇస్తే ఏమవుతానో తెలవడంలా."

చివరికి ఇద్దరం వాళ్ల పల్లెకు వెళ్లాం. ఆమె ఇంటి ముందు చేపలు ఆరబోస్తోంది. కడియం అందుకుని, లోపలి అక్షరాలను వేలితో తడిమింది. ఏడవలేదు.

"ఇదొక్కటేనా అన్నా దొరికింది?"

"ఇదొక్కటేనమ్మా."

"అయితే ఊడి పడిపోయుంటది. ఆయన యాడో ఉన్నాడు."

అన్న నా వైపు చూశారు. నేను తలదించుకున్నాను.

"ఇంకా ఎతుకుతావా అన్నా?" అని ఆమె అడిగింది.

"ఎతుకుతాలేమ్మా" అన్నారు ఆయన.

ఆ తర్వాత ఆయన నవ్వుతూ వెతకగా చూడలేదు. కడియం దొరికిన చోటు చుట్టూనే తిరిగేవారు. డిటెక్టరు కూత వినబడితే వెంటనే తవ్వేవారు కాదు. అక్కడే నిలబడి ఏదో గొణుక్కునేవారు. కిందనుంచి సీసా మూతో, మేకో వస్తే ఊపిరి వదిలేవారు. ఈ ఏడు దగ్గు పట్టుకున్నా మానలేదు. ఇక చాలించమంటే ఒకరోజు తడి ఇసుకలోనే కూలబడిపోయారు.

"మాటిచ్చినా కదమ్మా. ఏమీ దొరక్కుంటే బాగుండునని ఎతుకుతుండా."

ఆయనిచ్చిన మాట ఆమెకు ఊరటో, శిక్షో ఇప్పటికీ నాకు తేలలేదు. ఆయనకు మాత్రం అది శిక్షే అయింది. అయినా ఒకరి ఆశను కాపాడటానికి అంత భయం మోసిన మనిషి నాకు పక్కింట్లో దొరకడం నా అదృష్టం.

కబురు విని ఆమె వచ్చింది. వదిన చేయి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. వెళ్లేటప్పుడు గడప దగ్గర ఆగి, "అన్న ఏమన్నా చెప్పినాడా వదినా?" అని అడిగింది. వదిన లేదన్నట్టు తల ఊపింది.

ఈ రోజు పొద్దున మళ్లీ బీచికి వెళ్లాను. మంచులో దూరంగా ఆమె ఒక్కతే, నీళ్ల అంచు వెంట తల వంచుకుని నడుస్తోంది. రెండడుగులకోసారి ఆగి, కాలి బొటనవేలితో ఇసుక కదిపి చూస్తోంది. అల వచ్చి ఆ గుంటను పూడుస్తోంది. ఆమె అల వెనక్కి పోయేదాకా నిలబడి, మళ్లీ అక్కడే కదుపుతోంది.